పెద్దలకు దాచి, పిల్లలకు పంచి

ఇంట్లో పెద్దవాళ్ల ముందు సిగరెట్ కాల్చకూడదు. ఈ నియమం ఏ చట్టంలోనూ లేదు. అయినా తెలుగునాట దీన్ని పాటించినంత గట్టిగా చాలా చట్టాలను పాటించరు. యాభై ఏళ్లు దాటిన కొడుకు కూడా తండ్రి వస్తున్నాడంటే చేతిలోది కింద పడేసి కాలితో నలిపేస్తాడు. మేనమామ ఎదురైతే పాన్‌డబ్బా వెనక్కి తప్పుకుంటాడు. అదే తండ్రి, అదే మేనమామ పడక్కుర్చీలో కూర్చుని, ఒళ్లో మనవణ్ని పెట్టుకుని చుట్టో సిగరెట్టో కాల్చుకున్న ఇళ్లు మనకేం కొత్త కావు. పొగ విషయంలో మనం నేర్చిన మర్యాద అంతా వయసుకూ వరసకూ ఇచ్చిందే. పక్కవాళ్ల ఊపిరికి ఇచ్చింది కాదు.

వేప్ అని పిలిచే ఈ-సిగరెట్లు వచ్చాక ఆ లోపం బయటపడింది. సిగరెట్ వాసనకు జడిసి కుర్రాడు ఇంతకుముందు డాబా మీదికో సందు చివరికో వెళ్లేవాడు. వేప్‌తో ఆ బెదురు లేదు. మామిడి వాసనో పుదీనా వాసనో కాసేపుండి పోతుంది. బూడిద రాలదు, అగ్గిపెట్టెతో పని లేదు, పెన్‌డ్రైవ్ అంత పరికరం గుప్పిట్లో ఇమిడిపోతుంది. దాంతో పెద్దల కంట పడకూడదనుకున్నవాడు బయటికి పోవడం మానేసి ఇంట్లోనే చోటు వెతుక్కుంటున్నాడు. బాత్‌రూమ్‌లో, గడియ పెట్టుకున్న పడకగదిలో, అద్దాలెత్తి ఏసీ వేసిన కారులో. హాల్లో టీవీ చూస్తున్న తాతకు ఏమీ తెలియదు. పడకగదిలో ఉయ్యాల్లో నిద్రపోతున్న బిడ్డ మాత్రం ఆ గాలే పీలుస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. తాత గౌరవం కోసం పసిదాని గదిని వాడుకుంటున్నాం.

అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: “ఆవిరే కదండీ, పొగ కాదుగా!” నీళ్లు మరిగితే వచ్చే ఆవిరి లాంటిది కాదది. ఆ గొట్టంలో ఉండే ద్రవం ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్, నికోటిన్, వాసన కోసం కలిపే రసాయనాలు. లోపలి కాయిల్ వేడెక్కితే ఆ ద్రవం కంటికి ఆనని సన్నటి బిందువులుగా మారి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, అక్కడ నిలవనిది తిరిగి గదిలోకి వస్తుంది. రుజువు చూడాలంటే ల్యాబ్‌కు పోనక్కర్లేదు. రోజూ కారులో కూర్చుని వేప్ చేసే వ్యక్తి బండిలో ముందు అద్దానికి లోపలివైపు వేలు పెట్టి గీయండి. మసకగా, కాస్త జిడ్డుగా ఉన్న పొర మీద గీత పడుతుంది. రాత్రి ఎదురుగా వచ్చే బండి లైటు పడితే అద్దమంతా తెల్లగా అలుముకుపోయేది ఆ పొర వల్లే. స్కూలుకు పిల్లల్ని దింపేదీ ఆ కారులోనే.

అమెరికాలోని జాతీయ సైన్స్, ఇంజనీరింగ్, వైద్య అకాడమీలు అప్పటికి వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి 2018లో ఒక పెద్ద నివేదిక ఇచ్చాయి. గదిలో ఈ-సిగరెట్ వాడితే అక్కడి గాలిలో సూక్ష్మకణాలు, నికోటిన్ పెరుగుతాయన్నది అనుమానం లేకుండా తేలిన విషయమని అందులో రాశారు. అదే నివేదిక సిగరెట్ పొగతో పోలిస్తే ఈ మోతాదు తక్కువనీ చెప్పింది. రెండూ నిజమే, రెండోదాన్ని దాచాల్సిన పని నాకు లేదు. పొగాకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో దాదాపు ఉండవు. సిగరెట్ మానలేక మానలేక దీని సాయంతో మానినవాళ్లూ ఉన్నారు, వాళ్ల కష్టాన్ని నేను చులకన చేయను. కాకపోతే పీల్చేవాడు సిగరెట్‌తో పోల్చుకుని తేలికపడితే పడవచ్చు. ఆ గదిలోని బాలింత, ఉబ్బసం ఉన్న ముసలాయన పోల్చుకోవాల్సింది మంచి గాలితో.

పైగా మన గదులు ఎలాంటివో చూడండి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు, గదిలో ఉన్నదాన్నే చల్లబరిచి తిప్పుతుంది. తలుపులూ కిటికీలూ మూసి అందులో నలుగురు కూర్చుంటే ఒకరు వదిలింది మిగతా ముగ్గురూ పీల్చుకోవాల్సిందే. అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను చాలాచోట్ల తెరుచుకునేది ఆకాశంలోకి కాదు, అన్ని ఫ్లోర్లకూ కలిపి ఉన్న డక్ట్‌లోకి. మూడో అంతస్తులో వదిలింది నాలుగో అంతస్తు వెంటిలేటర్ దగ్గర తేలుతుంది. ఫ్యాను వేశాను కాబట్టి నా పని అయిపోయిందనుకునే వాళ్లకు ఈ సంగతి తెలియదు.

“అడిగే చేస్తున్నాం కదా, అదీ మర్యాదే కదా” అంటారు ఇంకొందరు. ఈమధ్య ఒక తెలిసినవారింట్లో భోజనాలయ్యాక ఒక కుర్రాడు జేబులోంచి పరికరం తీసి, “ఆంటీ, పర్లేదా?” అన్నాడు. మంచి పిల్లవాడే, అడిగిన తీరులో వినయమే ఉంది. ఆవిడ “పర్లేదు నాన్నా, కానీయ్” అంది. అంటూనే లేచి మనవరాలి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి నడిచింది, వెళుతూ వెళుతూ తలుపు దగ్గరికి వేసింది. తన ఇంట్లో, తన హాల్లోంచి తనే లేచిపోయింది. మొహమాటం మన ఇళ్లలో అంత గట్టిది. ఇంటికొచ్చిన వాణ్ని కాదనడం ఆవిడ తరంలో ఎవరికీ చేతకాదు. అల్లుడు అడిగితే మామగారు కాదనరు, బాస్ అడిగితే కొత్తగా చేరిన ఉద్యోగి కాదనడు, కస్టమర్ అడిగితే వెయిటర్ కాదనడు. కాదనే వీలు లేని మనిషిని అనుమతి అడిగి దాన్ని ఒప్పుకోలు కింద లెక్కేయడం అన్యాయం. అందుకే నా ఉద్దేశంలో పైకప్పు కింద ఈ ప్రశ్న అసలు అడగకూడదు. లేచి బయటికి వెళ్లాలి. అడగాల్సి వస్తే “ఒక్క ఐదు నిమిషాలు బయటికెళ్లి వస్తాను” అనడమే సరి.

ఇక చట్టం. మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌తో, ఆ డిసెంబరులో చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటనలు అన్నిటినీ నిషేధించారు. తయారుచేసినా, తెప్పించినా, అమ్మినా మొదటిసారి ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మళ్లీ దొరికితే మూడేళ్లు, 5 లక్షలు. ఇంత కఠినమైన చట్టంలో, వాడిన మనిషికి ఇదీ శిక్ష అని విడిగా చెప్పే సెక్షన్ లేదు. రెండోపక్క 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ఉంది. 2008 అక్టోబరు 2 నుంచి ఆఫీసులు, హోటళ్లు, సినిమా హాళ్లలో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా వేస్తున్నది దీని కిందే. అయితే అందులో ‘పొగ తాగడం’ అంటే పొగాకును ఏ రూపంలోనైనా కాల్చడం అని రాసి ఉంది. పొగాకు ఆకు లేకుండా నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి పీల్చేవాడు ఈ రెండు చట్టాల సందులోంచి జారిపోతున్నాడు. కేఫ్ మేనేజరుకు బోర్డు మీద చూపించడానికి సిగరెట్ బొమ్మ ఉంది, వేప్ బొమ్మ లేదు. “ఇది సిగరెట్ కాదు బ్రదర్” అంటే ఆయన దగ్గర జవాబు ఉండడం లేదు.

ఈ సందును పూడ్చడం అంత కష్టమేమీ కాదు. కాలిఫోర్నియా 2016లో, న్యూయార్క్ రాష్ట్రం 2017లో, న్యూజిలాండ్ 2020లో ఆ పని చేశాయి. సిగరెట్ ఎక్కడ కూడదో అక్కడ ఇదీ కూడదని పాత చట్టాల్లోనే చేర్చాయి. సింగపూర్‌లో 2018 నుంచి కొనడం, దగ్గర పెట్టుకోవడం, వాడడం అన్నీ నేరమే. సెలవులకు అక్కడికి వెళ్లే మనవాళ్లు జేబులు ఒకసారి తడుముకోవడం మంచిది. మన తెలంగాణ శాసనసభే 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ పొగాకు చట్టానికి సవరణ చేసింది. హుక్కాకు చేయగలిగినవాళ్లు దీనికీ చేయగలరు. 2001లో మురళీ దేవ్‌రా కేసులో సుప్రీంకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగను ఆపమన్నది రాజ్యాంగంలోని 21వ అధికరణం (జీవించే హక్కు) పేరు చెప్పే. తాను తాగని పొగకు మనిషి ఎందుకు బలికావాలన్నదే ఆ తీర్పు వెనక ఉన్న న్యాయం. ఆ న్యాయం సిగరెట్ దగ్గర ఆగిపోవాల్సిన అవసరం లేదు.

ఇంగ్లండ్ దారి వేరు. అక్కడ 2007 నాటి ధూమపాన నిషేధం వేప్‌కు వర్తించకుండా ఉండిపోయింది. లోపల ఒప్పుకోవాలా వద్దా అన్నది చాలాకాలం ఆ చోటు నడిపేవాళ్లకే వదిలేశారు. 2016లో అక్కడి ప్రజారోగ్య సంస్థ ఆఫీసులకూ పబ్బులకూ ఇచ్చిన సలహాల్లో నాకు నచ్చిన మాట ఒకటుంది. సిగరెట్ మానేందుకు వేప్ పట్టినవాళ్లను సిగరెట్లు తాగేవాళ్ల గుంపులోకే తోయకండి, పాత అలవాటు మళ్లీ అంటుకుంటుంది అని. మన ఐటీ ఆఫీసులు కూడా బయట స్మోకింగ్ జోన్ గీసేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోవచ్చు. లోపల వద్దన్నంత మాత్రాన మనిషిని అవమానించాలని కాదు.

విదేశాల్లో చదువుకుంటున్న మన పిల్లలకు ఇంకో మాట చెప్పాలి. హాస్టల్ గదిలో వేప్ చేస్తే చాలా రకాల స్మోక్ డిటెక్టర్లు మోగుతాయి, వాటికి పొగా ఈ బిందువులూ ఒకటే. అర్ధరాత్రి అలారం మోగితే బిల్డింగ్ మొత్తం చలిలో చెప్పులతో కిందికి దిగాలి. ఆ గొడవ ఎందుకని డిటెక్టర్‌కు ప్లాస్టిక్ కవరో సాక్సో తొడిగేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. వంటింట్లో నూనె అంటుకున్న రాత్రి అందరినీ లేపాల్సింది ఆ డిటెక్టరే. నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక్కడి సౌకర్యం కోసం మిగతా ముగ్గురి ప్రాణాలతో ఆడుకునే హక్కు ఎవరికీ లేదు.

ఇళ్ల విషయానికి వస్తే ఏ ఇన్‌స్పెక్టరూ తలుపు తట్టడు. తట్టకూడదు కూడా. అక్కడ చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే. కొడుకు బాత్‌రూమ్‌లో దాక్కుని పీలుస్తున్నాడని తల్లికి తెలిసినప్పుడు ఆమె మొదట అడగాల్సింది “నాన్నకు తెలిస్తే ఏమవుతుందో తెలుసా?” అని కాదు. ఆ భయమే వాణ్ని లోపలికి తోసింది. “మానేవరకూ డాబా మీదికి వెళ్లు, లోపల మాత్రం వద్దు. ఆ సీసా, ఆ గొట్టం పిల్లకు అందే చోట పెట్టకు” అని తిన్నగా చెప్పాలి. చివరి మాట మరీ ముఖ్యం. ఆ ద్రవంలోని నికోటిన్ పసిపిల్ల కొద్దిగా మింగినా ప్రమాదమే. అమెరికాలో ఇందుకోసమే సీసా మూతలు పిల్లలు తెరవలేనట్టు ఉండాలని 2016లో చట్టం తెచ్చారు. ఇక్కడ దొంగచాటుగా అమ్మే సరుకుకు ఏ మూత ఉంటుందో, లోపల ఎంత నికోటిన్ ఉందో చెప్పే నాథుడు లేడు. మానాలనుకునే వాళ్లకు ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు ఒకటుంది: 1800-11-2356.

మిగిలింది అపార్ట్‌మెంట్ సంఘాల పని. లిఫ్ట్, మెట్లు, సెల్లార్, కమ్యూనిటీ హాలు, జిమ్ ఇవన్నీ అందరివీ. వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో పార్కింగ్ గొడవల మధ్య ఒక పది నిమిషాలు దీనికివ్వండి. ‘పొగ తాగరాదు’ అన్న బోర్డు కింద ‘ఈ-సిగరెట్, వేప్ కూడా’ అని ఇంకో వరుస రాయించండి. వాచ్‌మన్ ఒక ఫ్లాట్ ఓనర్‌ను నిలబెట్టి నోటితో చెప్పలేడు. బోర్డు మీద రాసి ఉంటే దాన్ని చూపించగలడు.