నమాజుకు కుర్చీ ఉంది, రోజీకి లేదా?

నిలబడలేనివాళ్ళు కూర్చుని, కూర్చోలేనివాళ్ళు పడుకుని నమాజు చేసుకోవచ్చని రసూలుల్లాహ్ (స) రుఖ్సత్ ఇచ్చారు. ఫర్జ్ మాఫీ కాలేదు, తరీఖా మారిందంతే. మన మసీదుల్లో వెనక సఫ్‌లో కుర్చీలు అందుకే.

మరి అదే జమాత్‌లో నిలబడే సేఠ్‌కి తన దుకాణంలో ఈ మాట ఎందుకు గుర్తుకు రాదు? కీళ్ళవాతం ఉన్న మనిషికి కౌంటర్ వెనక ఒక స్టూలు వేస్తే బేరం పోతుందా? పాతబస్తీలో మగ్గం పని చేసే కారీగర్లు పొద్దంతా నేల మీదే కూర్చోవాలి. బీడీలు చుట్టే మన ఆపాల వేళ్ళకు పొద్దున బిగుసుకుపోతే కత్తెర ఆడదు. రుమటాయిడ్ రకంలో ఆ బిగువు గంట దాటినా వదలదు. పదకొండింటికి రమ్మంటే చేసే మనిషిని తొమ్మిదింటికి రాలేదని తీసేయడం జుల్మ్ కాదా?

2016 చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆ జాబితాలో కీళ్ళవాతం పేరు లేదు. ఉద్యోగాల్లో రిజర్వేషన్ కావాలంటే 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ తేవాలి. చూపుకు బాగానే కనిపించే మనిషి నొప్పిని ఏ కాగితం నమ్ముతుంది?

ఇక ఇంట్లోవాళ్ళు "సబర్ చెయ్ బేటీ, ఇంట్లో కూర్చో" అంటారు. సబర్ అంటే హునర్‌ని మూలన పడేయడం కాదు.

నేనడిగేది ఖైరాత్ కాదు. ఎత్తు బల్ల, స్టూలు, కాస్త వెసులుబాటున్న టైము, చేసిన పనికి పూర్తి మజూరీ. రమజాన్‌లో జకాత్ ఇచ్చే చేతులు మిగతా పదకొండు నెలలూ పని కూడా ఇవ్వాలి. అది మీ మెహర్బానీ కాదు, వాళ్ళ హఖ్.