నడుముకు సూది దొరుకుతది, కసరత్తు నేర్పే మనిషే దొరకడు

పోస్టు జర పొడుగున్నది, ఓపికతోని చదవండి.

పత్తి ఏరుడు, కంది కోత మొదలైతే మన వికారాబాద్, తాండూరు దిక్కు ఊర్లల్ల సూదులకు గిరాకీ పెరుగుతది. నడుము నొస్తుందని పోతం. "సూది ఎయ్యి సార్, రేపు కూలోళ్లు వస్తరు" అంటం. ఆయన డైక్లోఫెనాక్ వేస్తడు. కొందరు దాంతోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడ వేస్తరు. ఏం వేసిండ్రో చెప్పరు, చీటీ రాసియ్యరు. తెల్లారి నొప్పి మాయం. ఆయన చెయ్యి మంచిదని ఊరంత చెప్తం. నాలుగు రోజులకు మళ్ల మొదలు.

ఏండ్ల సంది ఉన్న నడుము నొప్పికి ఇది వైద్యం ఎట్లయితది? నొప్పి తెలియకుండ చేసి మళ్ల అదే పనికి తోలుడు ఇది.

డైక్లోఫెనాక్ కథ రైతులకు తెలియాలె. ఒకప్పుడు పశువులకు కూడ ఇదే సూది వేస్తుండిరి. సచ్చిన పశువును తిన్న రాబందులు కిడ్నీలు చెడిపోయి రాలిపోయినయి. దేశంల రాబందులు దాదాపు లేకుండ పోయినంక, 2006ల పశువులకు వాడొద్దని కేంద్రం నిషేధించింది. 2015ల మనుషుల కోసమని అమ్మే పెద్ద సీసాలను కూడ ఆపింది, అవి పశువులకు పోతున్నయని. పక్షి వేరు, మనిషి వేరు. ఒక్క సూదికే కిడ్నీలు పోవు, అది నేనూ ఒప్పుకుంట. కానీ బీపీ, షుగర్ ఉన్న మనిషి ఎండల సరిగ్గ నీళ్లు తాగకుండ పనిచేసుకుంట, నెలల తరబడి ఇవే గోలీలు, ఇవే సూదులు వాడితే కిడ్నీలకు దెబ్బే. కడుపుల పుండు అయితది. స్టెరాయిడ్ ఎక్కువైతే షుగర్ పెరుగుతది, ఎముకలు గుల్లబారుతయి. నడుము బాగుచేసుకుందామని పోయి ఎముకలనే గుల్ల చేసుకునుడు ఏం తెలివి?

ఆర్‌ఎంపీలను తిడుతున్ననని అనుకోవద్దు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది ఆయనే. మనం అడుగుతున్నం, ఆయన వేస్తుండు. సూది వెయ్యని డాక్టరును పనిరానోడు అనేది మనమే కదా.

ఇంక పట్నం కథ వేరే. సూది పనిచెయ్యకపోతే ఎమ్మారై. రిపోర్టుల డిస్క్ బల్జ్ అని రాస్తరు, ఇంట్ల ఏడుపులు మొదలు. నొప్పే లేనోళ్లకు తీసిన స్కాన్లను కూడబెట్టి 2015ల ఒక లెక్క ఇచ్చిండ్రు. 50 ఏండ్లోళ్లల్ల నూటికి 60 మందికి డిస్క్ ఉబ్బే ఉన్నది. వెంట్రుకలు నెరిసినట్టే ఇది కూడ. గా ఒక్క మాట చూసి ఎకరం అమ్ముకుంటరా? డిస్క్ జారి కాలు గుంజే నొప్పి కూడ చాలామందికి రెండు మూడు నెలలల్ల ఆపరేషన్ లేకుండనే తగ్గుతది.

ఆపరేషన్ వద్దే వద్దని నేను అంటలేను. కాలు బలం తగ్గి పాదం ఈడుస్తుంటే, ఒంటికి రెంటికి తెలియకపోతే, తొడల నడుమ మొద్దుబారితే ఆ రోజే పెద్ద దవాఖానకు పోవాలె. జ్వరం ఉండి, బరువు తగ్గి, రాత్రి పండుకున్నా నొప్పి పోకపోతే వెన్నుపూసకు టీబీ ఉన్నదేమో చూపించుకోవాలె. అనంతగిరి గుట్టల్ల నిజాం కాలం నాటి టీబీ దవాఖాన ఉన్న జిల్లా మనది, అయినా టీబీ అంటే దగ్గే అనుకుంటం. వెన్ను టీబీని సూదులతోని దాచిపెడితే గూని వస్తది, కాళ్లు పడిపోవచ్చు. మందులు సర్కారు ఉచితంగ ఇస్తది.

మరి మామూలు పాత నొప్పికి ఏం చెయ్యాలె? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్ల చెప్పింది. కసరత్తు నేర్పాలె, నొప్పి సంగతి మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పాలె, భయం పోగొట్టాలె. నొప్పి గోలీలకు కూడ జాగా ఉన్నది, కాని అవే వైద్యం అనలేదు. నడుము బెల్టులు, బరువులు కట్టి గుంజే ట్రాక్షన్, ట్రమడాల్ లాంటి మత్తు మందులు మామూలుగ ఇయ్యొద్దన్నది. మన మెడికల్ షాపుల ముంగట వేలాడేది ఏంది? బెల్టే.

"వంగొద్దు, బరువులెత్తొద్దు, రెస్టు తీసుకో" అని రాసే డాక్టర్లను ఒకటి అడుగుత. వంగకుండ కలుపు ఎట్ల తీస్తరు సార్? తాండూరు నాపరాయి గనులల్ల బండలు లేపేటాయనకు రెస్టు అంటే కూలి పోయినట్టే. మంచం మీద పండుకుంటే కండ బలం పోయి నొప్పి ఇంకింత ముదురుతదని వైద్యశాస్త్రమే చెప్తున్నది. యూరియా సంచి 2018ల 50 కిలోల నుంచి 45కు తగ్గించిండ్రు, అది కూడ వాడకం తగ్గాలని, మన నడుము మీద జాలితోని కాదు. ఇంక ఆడోళ్ల నడుము గురించి అడిగేటోడే లేడు. నాట్లు, కలుపు, పత్తి ఏరుడు, అన్నీ వంగే పనులే, అన్నీ వాళ్లవే.

ఎట్ల వంగాలె, సంచి ఎట్ల లేపాలె, పొద్దున ఏ కసరత్తు చెయ్యాలె, ఇది చూపించే మనిషి కావాలె. మా పీహెచ్‌సీల గోలీలు దొరుకుతయి, ఆ మనిషి దొరకడు. ఫిజియోథెరపీకి టౌనుకు పదిసార్లు పోవాలంటే పది రోజుల కూలి, బస్సు కిరాయి. ఎవరు పోతరు? ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ల 10 లక్షలకు పెంచిండ్రు, సంతోషమే. ఆపరేషన్ దాకా పోకుండ ఆపే మనిషికి జీతం ఇయ్యనీకి పైసలు లేవా? 5 వేల ఎకరాలకు ఒక రైతు వేదిక కట్టిండ్రు. వారంల ఒక రోజు ఫిజియోథెరపిస్టును అక్కడ కూసోబెట్టండి. బిల్డింగు ఉన్నది, కుర్చీలున్నయి, వచ్చే రైతులమున్నం.

సోమవారం వికారాబాద్ కలెక్టరేట్ల ప్రజావాణికి ఇదే అర్జీ పట్టుకొని పోతున్న. సంతకం పెట్టేటోళ్లు పొద్దున 10 గంటల వరకు అక్కడికి రండి. ఇంట్ల ఉన్న మందుల చీటీలు, సూది సీసాలు ఉంటే అవి కూడ తీసుకురండి.