జీతంలో కోసిన పన్ను మళ్లీ కట్టమంటే ఎందుకు కట్టాలి?

పోస్టు కాస్త పొడుగే. ఓపిక చేసుకుని చదవండి, ఇంట్లో జీతం తెచ్చే మనిషి చేత కూడా చదివించండి.

మొన్న మీటింగులో ఒక మాట విన్నాం. "ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లతో మనకెందుకు తమ్ముడూ, అప్పో సప్పో చేసి కట్టేసెయ్, పీడ పోతుంది" అని. చెప్పినవాళ్లు మన పెద్దలే, మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఆ సలహా తప్పు. ఆ మాట గట్టిగా చెప్పడానికే ఇది రాస్తున్నాం.

జరుగుతున్నది ఇదీ. ప్లాంటులో సూపర్‌వైజరుగానో, ల్యాబులో కెమిస్టుగానో పనిచేసే పిల్లవాడికి నెలనెలా జీతంలోంచి టీడీఎస్ కోస్తారు. పే స్లిప్పులో ఆ అంకె కనబడుతుంది. కోసిన సొమ్ము మరుసటి నెల 7వ తేదీలోపు ప్రభుత్వానికి జమ చేయాలి, మార్చి నెలదైతే ఏప్రిల్ 30 లోపు. కంపెనీ జమ చేయదు. పిల్లవాడు రిటర్ను వేస్తాడు. ఫారం 26ఏఎస్‌లో ఆ సొమ్ము లేదు కాబట్టి డిపార్ట్‌మెంటు కంప్యూటరు "నువ్వు పన్నే కట్టలేదు" అని డిమాండ్ నోటీసు పంపిస్తుంది. 30 రోజుల్లో కట్టకపోతే నెలకు 1 శాతం వడ్డీ. 40,000 రూపాయల బాకీకి మూడేళ్లకు వడ్డీయే 14,400 అవుతుంది. తర్వాత ఏ ఏడాది రీఫండ్ రావాల్సి ఉన్నా దాన్ని ఈ బాకీ కిందికి మళ్లించుకుంటారు. సొమ్ము మింగింది ఒకరు, బాకీదారు పేరు ఇంకొకరిది!

1961 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో సెక్షన్ 205 అని ఒకటుంది. జీతంలోంచి పన్ను కోసేసిన తర్వాత, ఆ కోసిన మేరకు ఉద్యోగిని మళ్లీ కట్టమని అడగకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఢిల్లీలో ఉన్న సీబీడీటీ కూడా 2015 జూన్ 1న, మళ్లీ 2016 మార్చి 11న, ఇలాంటి డిమాండ్లను బలవంతంగా వసూలు చేయొద్దని తన అధికారులకు రాతపూర్వకంగా చెప్పింది. రెండోసారి ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ఆలోచించండి. మొదటిసారి చెప్పింది కింద ఎవరూ వినలేదు కనుక! (2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారినా, పాత సంవత్సరాల బాకీలకు పాత చట్టమే.)

కాబట్టి కట్టకండి, కానీ ఊరికే కూర్చోకండి. పోర్టల్‌లో ఆ డిమాండ్‌కు జవాబు ఇచ్చే చోటు ఉంది. అక్కడ "డిమాండ్ సరైనదే" అని నొక్కితే పని అయిపోయినట్టే, ఆ తర్వాత కాదనడానికి వీలుండదు. నెట్ సెంటరు కుర్రాడి చేతికి ఫోన్ ఇచ్చేముందు ఈ ఒక్క సంగతి చెప్పండి. ఒప్పుకోవడం లేదని పెట్టి పే స్లిప్పులు, ఫారం 16 ఇచ్చి ఉంటే అది, కోత పోగా చేతికొచ్చిన జీతం కనబడే బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయాలి. అదే కట్ట మీ అసెసింగ్ ఆఫీసరుకు కూడా ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని కాగితానికి విలువ లేదు.

"కంపెనీ మీద కంప్లైంటు పెడితే ఉద్యోగం పోతుంది కదా" అంటారు. ఆ భయం మాకు తెలియనిది కాదు. ఇక్కడ పని పోతే జహీరాబాద్‌కో హైదరాబాద్‌కో మూట కట్టుకోవాలి. అయితే పైన చెప్పినది కంపెనీ మీద కేసు కాదు, మీ మీద పడిన బాకీకి మీ జవాబు. కంపెనీని చట్టం వేరేగా చూసుకుంటుంది: కోసి కట్టని సొమ్ముకు నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ, ఆ చట్టంలోని 276బీ కింద జైలు కూడా. ఇంత శిక్ష రాసి ఉన్నా, నోటీసు మాత్రం ముందు జీతగాడి ఇంటికే ఎందుకొస్తుంది? అడగాల్సిన ప్రశ్న ఇది. పెద్ద చేపను పట్టాలంటే ఆఫీసరు కదలాలి, చిన్న చేపకైతే కంప్యూటరు చాలు.

ఇక రీఫండ్ ఏజెంట్లు. వీళ్ల మీద మాకు జాలి లేదు. వచ్చిన దాంట్లో వాటా తీసుకుని, మీరు ఎన్నడూ ఇవ్వని పార్టీ చందాలు, లేని ఇంటద్దె, లేని జబ్బు చూపించి రీఫండ్ తెప్పిస్తారు. పేరు మీది, పాన్ మీది, వాటా వాడిది. 2025 జూలై 14న సీబీడీటీ ఇలాంటి వాటి మీద దేశమంతా తనిఖీలు మొదలుపెట్టింది. అంతకుముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది తమంతట తామే 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని ప్రకటించింది. పట్టుబడితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు పెనాల్టీ పడవచ్చు. అలాంటి రిటర్ను వేసినవాళ్లు మీలో ఉంటే నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్ను వేసి సరిచేసుకోండి. అదనపు పన్ను 25 శాతం నుంచి మొదలై, ఆలస్యం చేసేకొద్దీ 70 శాతం దాకా పోతుంది.

"మాఫీ వస్తుంది, ఆగు" అనే బ్యాచ్ ఇంకొకటి ఉంది. 2024 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో వచ్చిన మాఫీ చూడండి: 2009-10 దాకా 25,000 లోపు డిమాండ్లు, 2010-11 నుంచి 2014-15 దాకా 10,000 లోపువి. అంతే. నిన్నమొన్నటి బాకీకి అందులో పైసా లేదు. జీఎస్టీలో 2017-18 నుంచి 2019-20 దాకా మాఫీ చేసింది కూడా వడ్డీ, పెనాల్టీలే, అసలు పన్ను 2025 మార్చి 31 లోపు కట్టినవాళ్లకే. మన క్యాంటీన్ కాంట్రాక్టర్లు, లారీలవాళ్లు, స్క్రాప్ వ్యాపారుల్లో తమ మీద ఆర్డరు ఉన్న సంగతే తెలియనివాళ్లు ఉన్నారు. నోటీసు పోర్టల్‌లో ఏదో మూల ట్యాబులో పడేస్తారు, రిజిస్టరైన ఫోన్ నంబరేమో పాత అకౌంటెంటుది. ఇలా పడేసిన నోటీసుల మీద ఇచ్చిన ఆర్డర్లను మద్రాసు హైకోర్టు కొట్టేసి మళ్లీ వినమన్న కేసులున్నాయి. మనకైతే కలబురగి బెంచి దాకా పోవాలి, దానికి వకీలు ఫీజు కావాలి. అంతకంటే ఆర్డరు అందిన మూడు నెలల్లో, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం కట్టి అప్పీలుకు పోవడమే చవక. నిజంగా బాకీ ఉన్నవాళ్లు 24 వాయిదాల దాకా అడగవచ్చు, కానీ రిటర్నులో మీరే చూపించి కట్టని పన్నుకు ఆ సౌకర్యం లేదు, ఒక్క వాయిదా తప్పినా మిగతాదంతా ఒక్కసారే కట్టాలి.

కొల్హార్‌లో యూనిట్లు నడుపుతున్న మనవాళ్లకు కూడా ఒక మాట. వినాయక చవితికి, ఉగాదికి మీరు ఇచ్చే చందా సంతోషంగా తీసుకుంటున్నాం. ఈసారి ఇంకోటి అడుగుతున్నాం. మూడు నెలలకోసారి టీడీఎస్ చలానా, రిటర్ను రసీదు మీ టైమ్ ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించండి. దానికి ఒక కాగితం, నాలుగు పిన్నులు చాలు. అంటించని యూనిట్లో పనిచేసే మన పిల్లలు ఈ నెలాఖరులోపు తమ 26ఏఎస్ తీసి పే స్లిప్పుతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. తేడా కనబడితే రెండు కాగితాలూ పట్టుకుని వచ్చే ఆదివారం మీటింగుకు రండి, జవాబు అక్కడే కూర్చుని రాద్దాం.