గట్టు ఇక్కడ కాదు

పాఠక మిత్రులకు మా వృత్తి తెలిసినదే. యంత్రభాగాన్ని ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి చూపే రేఖాచిత్రాల నడుమనే మా ఉద్యోగజీవితం 30 ఏళ్లు గడిచింది. కొలత వ్రాయని గీతను మేము ఏనాడూ గీతగా లెక్కించలేదు. అటువంటి మమ్మల్ని ఈ వేసవిలో ఒక చిత్రకళా విద్యార్థిని పునరాలోచనలో పడవేసింది.

ఆమె మా సహోద్యోగి కుమార్తె. విశాఖపట్నంలో చదువుతున్నది. సెలవులకు శ్రీవిజయపురం వచ్చింది. 2024లో పేరు మారేవరకు మనమంతా పోర్ట్ బ్లెయిర్ అని పిలుచుకున్న ఊరే అది. ఒకే స్థలాన్ని 30 చిత్రాలలో చూపాలన్నది కళాశాలవారు ఇచ్చిన ప్రాజెక్టు. సెల్యులార్ జైలునో, చాథం రంపపు మిల్లునో ఎన్నుకొంటుందని మేము అనుకొన్నాము. ఆమె ఎన్నుకొన్నది సిప్పీఘాట్‌లోని ఉప్పునీటి మడుగులను.

2004 డిసెంబరు 26 నాటి భూకంపం ఈ దీవులను తక్కెడ వలె వంచింది. ఉత్తర అండమాన్‌లో పగడపు దిబ్బలు నీటిపైకి లేచాయి. దక్షిణ అండమాన్ సుమారు ఒక మీటరు కుంగింది. గ్రేట్ నికోబార్ కొసన, ఇందిరా పాయింట్ దీపస్తంభం వద్ద నేల 4 మీటర్లకు పైగా దిగిపోయింది. సిప్పీఘాట్ పల్లపు పొలాల్లోకి వచ్చిన సముద్రం మరలిపోలేదు. అలా మునిగిన వాటిలో మా మిత్రుని తండ్రి సాగుచేసిన పొలమూ ఒకటి. ఆ అమ్మాయి అప్పటికి పుట్టలేదు.

మా మిత్రునికి ఈ చదువు మొదటి నుంచీ ఇష్టం లేదు. "ఆ నీళ్లలో ఏమున్నదని గీస్తావు? ఈ ఏటితో చాలించి, ఉద్యోగం వచ్చే కోర్సులో చేరు" అన్నాడు. ఆమె బదులు చెప్పలేదు. స్కెచ్ పుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చింది.

ఆమెకు స్ఫూర్తి ఎవరని అడిగాము. మొదట దామెర్ల రామారావు పేరు చెప్పింది. రాజమహేంద్రవరంలో కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లి చదివి, తిరిగివచ్చి, 1925లో 28 ఏళ్లు నిండకుండానే మరణించిన చిత్రకారుడాయన. "అంత చదివీ మళ్లీ గోదావరి ఒడ్డుకే వచ్చారు బాబాయిగారూ" అన్నది. రెండవది, నికోబారు వారి హెంటా ఫలకాలు. వ్యాధిని తెచ్చే శక్తులను తరిమేందుకు ఓడలు, చేపలు, మనుషుల బొమ్మలు గీసి ఇళ్లలో ఉంచేవారట. "ఆ బొమ్మకు ఇంట్లో ఒక పని ఉండేది" అన్నది. ఆ మాట మా ఇంజనీరు బుద్ధికి నచ్చింది.

నీటి కింద నేల ఎంత లోతున ఉన్నదో తెలియడం లేదని ఆమె బాధ. అక్కడ నిలిచివున్న ఒక సిమెంటు స్తంభాన్ని బెంచిమార్కుగా పెట్టుకోమన్నాము. దానికి గుల్లలు అంటిన ఎత్తు, పోటునీరు ఎక్కడిదాకా వస్తుందో చెబుతుంది. ఆటు వేళ ఒకసారి, పోటు వేళ ఒకసారి అదే స్తంభాన్ని నిలుపుకొని ఆమె చిత్రాలు గీసింది. ఇరవై తొమ్మిది పూర్తయ్యాయి. ముప్పైయవది మాత్రం నీరు రాకముందటి పొలం. నాయనమ్మ చెప్పిన మాటలే దానికి ఆధారం.

ఆ సాయంత్రం మేమూ వారింట ఉన్నాము. బల్లపై పరచిన చిత్రాలను మా మిత్రుడు నిలబడే చూశాడు. చివరిదాని వద్ద ఆగాడు. చాలాసేపటికి, "గట్టు ఇక్కడ కాదు" అన్నాడు. "ఇంకా రెండు బారలు ఇవతల." కూతురు మాట్లాడకుండా పెన్సిలు అందించింది.

అతడు కూర్చొని గట్టు గీశాడు. నీరు వదిలే తూము గీశాడు. తండ్రికి అన్నం తీసుకువెళ్లి, క్యారియరు దింపే చెట్టు చోటు చూపించాడు. ఇరవై ఏళ్లుగా అతడు ఆ వైపు వెళ్లలేదని మేమెరుగుదుము. వారి అమ్మగారు వచ్చి, చెట్టు ఇంకొంచెం వంగివుండేదని సరిదిద్దారు. ఆ గీతలలో దేనికీ కొలత లేదు. అయినా ఒక్కదానిని కూడా తప్పని అనడానికి మాకు నోరు రాలేదు.

నేల ఎంత కుంగినదీ లెక్కకట్టడం మా విద్య. కుంగకముందు ఆ నేలపై ఎవరు ఎక్కడ నడిచారో నిలిపేది ఆ అమ్మాయి విద్య. రెండూ అవసరమేనని తెలుసుకొనడానికి మాకు ఇంతకాలం పట్టింది.

మరునాడు కార్యాలయంలో మా మిత్రుడు ఒక్కటే అడిగాడు: "విశాఖ ఓడకు టికెట్లు ఎప్పటినుంచి ఇస్తారు?"