సందులు పూడ్చే ముందు పొగగొట్టం చూడాలి

సిమ్లా, కుల్లూ, శ్రీనగర్ వైపు చలికాలం దగ్గర పడుతుంటే పాత ఇళ్లలో రెండు పనులు మొదలవుతాయి. తలుపు సందుల్లో గుడ్డపేలికలు కుక్కడం, కిటికీలకు పాలిథిన్ షీట్లు బిగించడం ఒకటి. గదిలోకి నిప్పు తెచ్చుకోవడం రెండోది. విడివిడిగా చూస్తే రెండూ సబబైన పనులే. ఒకే గదిలో రెండూ కలిసినప్పుడు ప్రాణాల మీదికి వస్తుంది. చలికాలపు సలహాలు ఇచ్చేవారు ఈ రెండింటినీ వేర్వేరు కాగితాల మీద రాయడమే అసలు లోపం.

ఈ ఇళ్లలోకి చలిగాలి చొరబడడానికి కారణం కట్టినవారి అజాగ్రత్త కాదు. కుల్లూ ప్రాంతపు కాఠ్‌కుణీ ఇళ్లలో ఒక వరుస దేవదారు దూలాలు, ఒక వరుస రాళ్లు పేర్చి గోడలు లేపారు. కశ్మీరులోనూ సిమ్లాలోనూ కనిపించే ధజ్జీ గోడల్లో కొయ్య చట్రం కట్టి, మధ్య ఖాళీలను రాళ్లతో, మట్టితో నింపారు. భూకంపం వస్తే ఇలాంటి గోడ కొద్దిగా కదిలి తట్టుకుంటుంది. అయితే కొయ్య తేమకు ఉబ్బుతుంది, పొడి గాలికి కుంచించుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొయ్యకూ మట్టికీ మధ్య సన్నని సందులు పడతాయి. వాటిని సిమెంటుతో పూడ్చడం నేటి అలవాటు. అది బిరుసైన పదార్థం, కొయ్యతో పాటు కదలలేదు. ఒకటి రెండు చలికాలాలకే పక్కన మళ్లీ పగులు వస్తుంది, పైగా తేమను బయటకు పోనివ్వక కొయ్యను పుచ్చిపోయేలా చేస్తుంది. గడ్డి కలిపిన మట్టిగానీ, సున్నంగానీ ఇక్కడ మేలు.

సందుల వల్ల పోయే వేడి ఎంత? పన్నెండు అడుగుల పొడవు, అంతే వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో దాదాపు 40 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు రెండుసార్లు ఆ గాలంతా మారిపోతోందనీ, బయటికీ లోపలికీ 15 డిగ్రీల తేడా ఉందనీ అనుకుంటే, వచ్చిన చలిగాలిని వేడి చేయడానికే సుమారు 400 వాట్లు కావాలి. అంటే 1,000 వాట్ల హీటరు పెడితే అందులో ఐదింట రెండు వంతులు వీధిపాలే. తలుపు కింద ఒక సెంటీమీటరు సందు ఎవరి కంటికీ ఆనదు. కానీ 90 సెంటీమీటర్ల వెడల్పున్న తలుపుకు ఆ సందు వైశాల్యం 90 చదరపు సెంటీమీటర్లు. అదే గోడకు అరచేయి పట్టేంత కన్నం పడితే సాయంత్రంలోగా మేస్త్రీని పిలవరూ!

సందులను వెతకడానికి పరికరాలు అక్కర్లేదు. గాలి వీస్తున్న రోజు ఫ్యాన్లు ఆపి, వెలిగించిన అగరుబత్తిని తలుపు అంచుల దగ్గర, కిటికీ చట్రాల దగ్గర, స్విచ్ బోర్డుల దగ్గర పట్టుకుంటే పొగ ఎటు వంగుతుందో చూడవచ్చు. చాలామంది కింది సందులు మూసి ఊరుకుంటారు. వేడి గాలి తేలిక కాబట్టి పైకి లేచి అటక తలుపు నుంచీ పైకప్పు చెక్కల సందుల నుంచీ బయటికి పోతుంది, ఆ ఖాళీని నింపడానికి కింది నుంచి చలిగాలి దూరుతుంది. అందువల్ల పైన మొదలుపెట్టి కిందికి రావాలి. తలుపు కింద రబ్బరు పట్టీ, చట్రానికి ఫోమ్ టేపు, అద్దాల చుట్టూ కొత్త లప్పం, కిటికీకి లోపలి వైపు రెండో పొరగా పారదర్శకమైన షీటు ఉంటే చాలు. కశ్మీరులో పూర్వం జాలీ కిటికీలకు చలికాలంలో కాగితం అతికించేవారు. అద్దాలూ పాలిథిన్ షీట్లూ వచ్చాయి తప్ప ఆలోచన కొత్తది కాదు.

ఇక నిప్పు సంగతి. బొగ్గుల కుంపటిలో పొగ ఆరిపోయి, ఎర్రని నిప్పులు మాత్రమే మిగిలాక దాన్ని లోపలికి తెచ్చుకుంటే భయం లేదని ఎందరో నమ్ముతారు. ఈ నమ్మకం చాలా ప్రమాదకరం. పొగ లేకుండా కణకణలాడే బొగ్గుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ ధారాళంగా వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, మత్తు. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు. తెల్లవారి తలుపులు బద్దలు కొట్టారన్న వార్తలు ఉత్తరాది నుంచి ఏటా వస్తూనే ఉంటాయి. సందులున్న ఇంట్లో ఏళ్ల తరబడి ఏమీ కాకపోవడానికి ఆ సందులే కారణమై ఉండవచ్చు. అవి మూసిన మొదటి రాత్రి లెక్క మారిపోతుంది.

కశ్మీరీ హమామ్ గదిలో రాతి నేల కింద కట్టెలు మండుతాయి, పొగ గొట్టం ద్వారా బయటికి పోతుంది, మనుషులు వెచ్చని రాయి మీద కూర్చుంటారు. మంటకూ మనిషికీ మధ్య అడ్డు ఉండాలన్న ఈ ఏర్పాటు నేటికీ సరైనదే. గొట్టం ఉన్న బుఖారీ పొయ్యి కూడా కుంపటి కంటే ఎంతో నయం, కానీ దానికీ గాలి కావాలి. గది పూర్తిగా బిగిస్తే గొట్టం పైకి లాగాల్సిన పొగ వెనక్కి తిరగవచ్చు. పొయ్యి దగ్గరే బయటి గాలి వచ్చే చిన్న మార్గం ఒకటి వదలాలి, మసితోనో మంచుతోనో గొట్టం మూసుకుపోకుండా చూడాలి. పడక గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవడం ఇంకా మేలు. అలారం ఉంది కదా అని కుంపటి పక్కన నిద్రపోకూడదు.

చలిగాలుల కాలంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ జాగ్రత్తలు చెబుతుంది, మూసిన గదిలో బొగ్గులు కాల్చవద్దని కూడా అంటుంది. మంచిదే. కానీ వద్దన్నంత మాత్రాన చలి తగ్గదు. బదులుగా ఏం చేయాలో చెప్పాలి, చేయడానికి సాయం చేయాలి. 2018లో ఇంధన సామర్థ్య బ్యూరో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కొత్తగా కట్టే నివాస భవనాలను ఉద్దేశించినది. పాత ఇంట్లో వణుకుతున్నవారికి కావలసింది కొన్ని మీటర్ల రబ్బరు పట్టీ, ఒక పొగగొట్టం, రెండింటినీ కలిపి అమర్చడం తెలిసిన పనివాడు. హీటర్లకో దుప్పట్లకో ఖర్చు పెట్టే పథకాలు ముందుగా ఈ మూడింటికి డబ్బు కేటాయించాలి.

ఈ లెక్కను తెలుగు నేల మీదికి యథాతథంగా తేవడం కుదరదు. లంబసింగి, ఆదిలాబాద్ వైపు చలి తక్కువేమీ కాదు. కానీ అక్కడి పెంకుటిళ్లలో గోడకూ కప్పుకూ మధ్య ఉన్న ఖాళీయే చాలాచోట్ల కట్టెల పొయ్యికి పొగగొట్టం. కట్టెలు మండినంత కాలం దాన్ని మూయకూడదు, పడుకునే భాగాన్ని వేరుగా అడ్డుకట్టి బిగించుకోవచ్చు. పట్నాల్లో ప్రమాదం మరో చోట ఉంది. ఇరుకైన స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టి, చలి వస్తోందని వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టే ఇళ్లు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఆ అట్టముక్కను ఈ చలికాలమే తీసేయాలి, గీజరును గది బయటికి మార్పించాలి.