పెద్దలతో నదీవిహారము: ఏ నదిని ఎన్నుకొనవలెను?

ఈ దీవులనుండి వెడలి ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన బిడ్డలు తలిదండ్రులను అచ్చటికి పిలిపించుకొనుట నేడు అనేక కుటుంబములయందు కలదు. వెళ్లిన పెద్దలు మనుమలను ఆడించుచు, వంట చేయుచు, కిటికీలోనుండి వీధిని చూచుచు కొన్ని నెలలు గడిపి తిరిగి వచ్చుచున్నారు. బిడ్డలకు ప్రేమ లేక కాదు, తీరిక లేక. సెలవు దొరికిన నాలుగు దినములలో అమ్మను, నాన్నను ఏదేని ఒక నదిపై పడవలో త్రిప్పవలెనని కొందరు తలచుచున్నారు. అది మెచ్చదగిన తలపు. అయితే అంత పెద్ద దేశమున ఏ నదిని ఎన్నుకొనవలెను? ఈ నెల ఆ విషయమును విచారింతము.

చిత్రపటములను చూచి నదిని ఎన్నుకొనుట సులభము. పటములో అన్ని నదులును అందముగనే యుండును. కాని అందు గాలి తెలియదు, ఎండ తెలియదు, పడవకు ఎన్ని మెట్లున్నవో తెలియదు. కావున మేము చెప్పునది ఒక్కటే: వెంట వచ్చువారిలో అందరికంటె పెద్దవారికి ఏది అనుకూలమో అదియే ఆ కుటుంబమునకు తగిన నది.

మన యిండ్లలో ఓడ యను మాటకు వినోదమను అర్థము లేకుండెను. 1903 మొదలు 1916 వరకు దక్షిణ దేశమునుండి గిర్మిట్ కూలీలుగా ఫిజీకి వచ్చిన మన పూర్వులకు ఓడ యనగా ఎడబాటు. దరి కానరాని నీటిపై వారాలకొలది సాగిన ప్రయాణమది. ఆ కథలు వినుచు పెరిగిన వృద్ధులకు నీటిపై హాయి కలుగవలెనన్నచో ప్రవాహము నెమ్మదిగా నుండవలెను. ఇరుప్రక్కల గట్టు కంటికి కనబడుచుండవలెను. దిగవలెనన్న దిగుటకు వీలుండవలెను.

ఈ మూడు గుణములును మర్రే నదికి కలవు. దాని నిడివి సుమారు 2,508 కిలోమీటర్లు. మన గోదావరి 1,465 కిలోమీటర్లు మాత్రమే. ఐనను నీటి రాశిలో గోదావరియే మిక్కిలి పెద్దది. ఆస్ట్రేలియా ఆల్ప్సు పర్వతములలో పుట్టిన మర్రే ఆల్బరీ పట్టణము చేరునప్పటికే సముద్రమట్టమునకు సుమారు 165 మీటర్ల ఎత్తునకు దిగివచ్చును. అచ్చటినుండి సముద్రము ఇంకను రెండువేల కిలోమీటర్లకు పైగా దూరము. అంత దూరమునకు అంత కొద్ది వాలు గనుక నీరు తొందర పడదు.

దాని తీరమున అనాదిగా నివసించు నరింజెరి ప్రజలు చెప్పు గాథ యొకటి కలదు. నురుండెరి యను మూలపురుషుడు పాండె యను మహామత్స్యమును తరుముచు రాగా, ఆ చేప తోక వ్రేటులచే నది వెడల్పై వంకరలు తిరిగినదట. ఆ వంకరలలో పడవ సాగునపుడు పసుపు వన్నె సున్నపురాతి కొండచరియలును, నీటి యంచున పెద్ద పెద్ద ఎఱ్ఱ గమ్ వృక్షములును, గూడబాతులును కనబడును.

ఆడిలైడు నగరమునకు సుమారు ఎనుబది కిలోమీటర్ల దూరమున మన్నం అను ఊరు కలదు. 1853లో విలియం రాండెల్ అనునాతడు 'మేరీ ఆన్' అను స్టీమరును ఈ ప్రాంతమునుండియే నడిపి మర్రేపై ఆవిరిపడవలకు నాంది పలికెను. పిమ్మట రైళ్లు వచ్చి సరకును లాగికొను వరకు ఉన్నిమూటలు ఈ నదిపైననే సాగెను. నేడు అదే మన్నం నుండి 1986లో కట్టిన 'మర్రే ప్రిన్సెస్' అను చక్రపు నౌక రాత్రులు బసచేయు విహారములకు బయలుదేరును. అందు 120 మంది ప్రయాణీకులకు చోటు కలదు. అంత వ్యయము భరింపలేనివారు మెల్‌బోర్న్ నుండి ఎచూకాకు పోవచ్చును. అచ్చట పాత కాలపు స్టీమర్లపై గంటసేపు తిరిగి, అదే సాయంకాలము ఇల్లు చేరవచ్చును. 1866లో కట్టిన 'ఆడిలైడు' అను స్టీమరు ఇప్పటికిని ఆ రేవున నున్నది.

గోదావరి కాలువల వెంబడి ఊళ్లనుండి వచ్చిన కుటుంబములలో 'లాకులు' అను మాట నేటికిని వినబడును. మర్రేపై వానిని కంటితో చూడవచ్చును. బ్లాంచ్‌టౌన్ వద్ద 1922లో మొదటి లాకు పూర్తియయ్యెను. పడవ తొట్టివంటి గదిలో ప్రవేశింపగా వెనుక తలుపు మూయుదురు, నీటిని నింపుదురు, పడవ మెల్లగా లేచి పై మట్టమునకు రాగానే ముందు తలుపు తెరతురు. మనుమలకు ఇది చూపుచు తాతలు తమ తాతల ఊరి మాట చెప్పుటకు ఇంతకంటె మంచి తావు దొరకదు.

అయితే నెమ్మది నది యని ఏమరియుండరాదు. 2022 చివరను, 2023 ఆరంభమునను దక్షిణ ఆస్ట్రేలియాలో మర్రేకు 1956 తరువాత ఎన్నడును రానంత వఱద వచ్చెను. అప్పుడు అధికారులు వినోదపు పడవలను ఆపివేసిరి. ఆపుటయే మేలు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వఱదలో పాపికొండలకు బయలుదేరిన 'రాయల్ వశిష్ఠ' అను పడవ కచ్చులూరు వద్ద మునిగి నలువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. సెలవు పోవునే, కట్టిన సొమ్ము పోవునే యని వఱద దినమున పడవ ఎక్కరాదు. సొమ్ము మరల సంపాదింపవచ్చును.

ఇక తక్కిన నదుల మాట. టాస్మేనియాలోని గోర్డన్ నది అందమునకు పెట్టినది పేరు. అడవి ఆకుల సారము దిగి నీరు తేనీరు వన్నెకు తిరుగును. గాలి లేని ప్రొద్దున చెట్లు తలక్రిందులుగా నీటిలో కనబడును. 1983లో ఆస్ట్రేలియా ఉన్నత న్యాయస్థానపు తీర్పువలన ఆనకట్ట నిలిచిపోయి ఆ అడవి మిగిలెను. పడవల అలల తాకిడికి గట్లు కోసికొనిపోవుచుండగా వాని వేగమునకును, రాకపోకలకును హద్దు విధించిరి. అయితే స్ట్రాహన్ ఊరు చేరుటకే హోబర్టునుండి సుమారు మూడువందల కిలోమీటర్ల వంకర దారి పోవలెను. అచ్చట చలి, వాన ఎక్కువ. సముద్రద్వారము వద్ద పడవ ఊగుటయు కలదు. నడువగలిగిన దంపతులకు, ఎదిగిన పిల్లలకు అది మంచిది. మోకాళ్ల నొప్పి గల అవ్వకు కాదు.

క్వీన్స్‌లాండులోని డెయిన్‌ట్రీ నదిపై చిన్న పడవలలో గంట, రెండు గంటల విహారమే. అచ్చటి పచ్చదనము, ఉక్క మన దీవులను తలపించును. కాని నీటిలో మొసళ్లు కలవు. పిల్లలు చేయి బయటకు చాపకుండ పట్టుకొని కూర్చుండవలెను. చల్లని పొడి నెలలలో మొసళ్లు ఎండకు గట్టుపై పడుకొని సులభముగా కనబడును. వానకాలమున పోవుట తగదు. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను వెంట ఆ నది పొంగి ఊళ్లను ముంచెను.

మరియొక నదిని మన వారెవ్వరును తలపెట్టరు. అది న్యూ సౌత్ వేల్స్ ఉత్తరమున ప్రవహించు క్లారెన్సు. దాని దిగువ తీరమున రెండు ప్రక్కల చెరకు తోటలు. 1855లో సిడ్నీయందు స్థాపింపబడిన సి.ఎస్.ఆర్. చక్కెర కంపెనీ 1874లో హార్వుడ్ వద్ద మిల్లు నడుపుట ఆరంభించెను. అదే కంపెనీ 1882లో మన రేవా నదిపై నౌసోరి మిల్లును తెరచెను. నౌసోరి మిల్లు 1959లో మూతపడెను. కంపెనీ 1973లో ఫిజీని విడిచెను. హార్వుడ్ మిల్లు 1978లో అచ్చటి రైతుల సహకార సంఘము చేతికి వచ్చెను. యాంబానుండి ఇలూకాకు పడవపై దాటవచ్చును. నదిముఖమున గాలి మంచిది. చెరకు నరికి బిడ్డలను చదివించిన తండ్రికి ఆ తోటలు చూపుట చిన్న విషయము కాదు.

ఏ నది యైనను బయలుదేరుటకు ముందు అడుగవలసిన వానిని అడుగుడు. పడవ ఎక్కుటకు మెట్లా, వాలు బల్లయా? మరుగుదొడ్డి గదికి దగ్గరనా? శాకాహారము వేరుగా వండుదురా? ముందుగా వ్రాసియిచ్చినచో చాలవరకు ఏర్పాటు చేయుదురు. ప్రాణరక్షణ కవచములు ఎచ్చట నుంచిరో ఎక్కగానే చూచుకొనుడు. మందులు చేతిసంచిలో నుంచుడు. మర్రేపై వేసవిలో ఎండ నలువది డిగ్రీలు దాటు దినములు కలవు. మార్చి మొదలు మే వరకును, సెప్టెంబరు మొదలు నవంబరు వరకును అనుకూలమైన కాలము. నదిలో పూలదండలు, కొబ్బరిచిప్పలు, ప్లాస్టిక్ సంచులు వేయకుడు. నమస్కరించుటకు రెండు చేతులు చాలును.

మా అభిప్రాయమడిగినచో, వృద్ధులున్న కుటుంబమునకు మర్రేయే మొదటిది. న్యూ సౌత్ వేల్స్‌లో నున్నవారికి క్లారెన్సు ఒక దినమునకు తగినది. కాని మా మాటకంటె ముఖ్యమైనది వేరొకటి. బిడ్డలు ఎన్నుకొని, టిక్కెట్లు కొని, పిమ్మట అమ్మకు తెలుపుట మన యిండ్లలో వాడుకయైనది. ఈసారి ముందుగా ఆమెనే అడుగుడు. 'మీ ఇష్టమే నాయనా' అని ఆమె తప్పక అనును. అంతటితో విడువక మరల అడుగుడు.