పారబోసిన వేడి, ఎవరి ఖాతా?

ఏసీ బయటి పెట్టె దగ్గర చెయ్యి పెట్టి చూసినవారికి తెలుసు, గది చల్లబడుతున్నంతసేపూ అక్కడ వేడిగాలి కొడుతూనే ఉంటుంది. లోపలి వేడిని తెచ్చి బయట పారబోయడమే దాని పని. అదే ఇంట్లో, అదే గంటలో, స్నానాల గదిలో గీజరు నీళ్లు కాస్తుంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కూడా ఏళ్ల తరబడి ఇదే చేసింది, ఒక ఊరంత స్థాయిలో.

1987 నుంచి ఆ ప్రాంగణానికి కరెంటు, ఆవిరి, చల్లనీళ్లు ఒకే గ్యాసు ప్లాంటు నుంచి వచ్చేవి. ఆ రోజుల్లో అది పొదుపైన పద్ధతే. గ్యాసు మండించి కరెంటు తీసి, మిగిలిన వేడితో ఆవిరి పుట్టించేవారు. కానీ వర్సిటీ కర్బన ఉద్గారాల్లో సింహభాగం ఆ ఒక్క ప్లాంటుదే. ఇంజనీర్లు గంట గంటకూ లెక్క తీస్తే ఒక సంగతి బయటపడింది. చలికాలంలోనూ ప్రయోగశాలలకు, కంప్యూటర్ గదులకు చల్లదనం కావాలి. ఎండాకాలంలోనూ భవనాలకు వేడినీళ్లు కావాలి. అంటే భవనాల నుంచి లాగిన వేడిని కూలింగ్ టవర్ల మీదుగా గాలికి వదిలేస్తూనే, వేడి కోసం గ్యాసు కాలుస్తున్నారన్నమాట!

2015లో పాత ప్లాంటు మూతపడింది. కొత్త కేంద్రంలో, భవనాలను చల్లబరిచి తిరిగొచ్చే నీటిలోని వేడిని కరెంటుతో నడిచే యంత్రాలు లాగి, వేడినీళ్లుగా మళ్లీ భవనాలకే పంపుతాయి. అప్పటికి అక్కర్లేనిది పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిల్వ ఉంటుంది. వినడానికి సులువే. చేయడానికి మాత్రం ఆవిరి గొట్టాల స్థానంలో 22 మైళ్ల వేడినీళ్ల గొట్టాలు వేయడానికి దారులన్నీ తవ్వాల్సి వచ్చింది, 155 భవనాల్లో మార్పులు చేయాల్సి వచ్చింది. మొత్తం ఖర్చు సుమారు 48.5 కోట్ల డాలర్లు. శంకుస్థాపన ఫొటోల్లో గొట్టాలు కనబడవు గనుక చాలా సంస్థలు ఈ పనికి పూనుకోవని మా అనుమానం.

యంత్రాలు కరెంటుతో నడిచినప్పుడు ఆ కరెంటు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. 2016లో ఒకటి, 2022లో మరొకటి, దూరంగా రెండు సౌర విద్యుత్ కేంద్రాలు వర్సిటీ కోసం పనిచేయడం మొదలుపెట్టాయి. ఏడాది మొత్తం వాడకానికి సరిపడా ఉత్పత్తి అక్కడ జరుగుతుంది. అయితే రాత్రిపూట దీపం వెలిగేది అందరూ వాడే గ్రిడ్ మీదే. “నూరు శాతం” అన్న మాట చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. సొంత గ్యాసు ప్లాంటు లేని ఇబ్బంది కూడా వారికి తెలిసొచ్చింది. 2022 జూన్‌లో సమీపంలో కార్చిచ్చు రేగి కరెంటు నిలిచిపోతే తరగతులు రద్దు చేసుకోవాల్సి వచ్చింది.

ఇంతవరకూ మెచ్చుకోదగ్గ కథే. గొట్టాలకు అందనిది డబ్బు. బొగ్గు గనుల కంపెనీల్లో నేరుగా పెట్టుబడి పెట్టబోమని 2014లో ప్రకటించిన ట్రస్టీలు, 2020లో చమురు, గ్యాసు కంపెనీల విషయానికొచ్చేసరికి ఆ మాట అనలేకపోయారు. బదులుగా 2050 నాటికి నికర సున్నా అన్నారు. 2022లో 110 కోట్ల డాలర్ల విరాళంతో పర్యావరణ సుస్థిరతకే ఒక కొత్త విభాగం తెరిచి, దానికి చమురు కంపెనీల నిధులైనా తీసుకుంటామనడంతో విద్యార్థులు, అధ్యాపకులు కొందరు నిరసన తెలిపారు. వారి ప్రశ్న న్యాయమైనదే: వంటగదిలో గ్యాసు ఆపినవారు గ్యాసు అమ్మేవాడి డబ్బుతో పాఠం చెప్పవచ్చా?

ప్రియ చదువరులారా, మిగిలింది విమానాలు. ప్లాంటులో మండిన గ్యాసును కొలవడం తేలిక. ఆచార్యుల సదస్సులకు, విద్యార్థుల రాకపోకలకు మండిన ఇంధనం ఎవరి ఖాతాలో వేయాలి? ఆదివారం ఆరాధన ముగిశాక మన గుడి ఆవరణలో వినబడే మాటల్లో అమెరికా సీట్లు, వీసాలు ఎన్ని ఉంటాయో మనకు తెలుసు. హైదరాబాద్‌లో బయలుదేరి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగే మన పిల్లవాడి ప్రయాణం ఆ వర్సిటీ లెక్కలోదా, మన ఇంటి లెక్కలోదా? మా దగ్గర జవాబు లేదు. సెలవులకు ఇంటికి రావద్దని ఏ తల్లీ చెప్పదు.